బ్యాండుమేళంలో జాజ్ ముక్క వాయించాలి, ఎవరైనా దారి చూపండి

మాది అమలాపురం దగ్గర ఊరండి. మా బాబాయిది బ్యాండుమేళం: రెండు క్లారినెట్లు, ఒక ఆల్టో శాక్సోఫోను, ట్రంపెట్టు, యుఫోనియం (మంద్రంగా పలికే ఇత్తడి బాకా), డోళ్ళు. పెళ్ళిళ్ళు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, అదే మా లోకం.

ఈమధ్య జాజ్ పియానిస్టు డేవ్ గ్రూసిన్ 1997లో హెన్రీ మాన్సినీకి నివాళిగా చేసిన ఆల్బమ్ విన్నాను. తనూ సినిమాలకి సంగీతం చేసినవాడే, మరో సినిమా సంగీత దర్శకుడి బాణీల్ని జాజ్‌లో ఎంత ముద్దుగా వాయించాడో! అందులో 'పీటర్ గన్' మీద మనసు పడింది. 1958 నాటి టీవీ సీరియల్ బాణీ అది. కింద బేస్ ఒకే ముక్కని మొండిగా తిప్పుతూ ఉంటుంది, పైన ట్రంపెట్లు కేకలేస్తాయి. బాబాయికి ఫోన్లో వినిపిస్తే "పల్లవి ఎప్పుడొస్తుందిరా?" అన్నాడు.

అసలు చిక్కు శ్రుతి. నాకు దొరికిన పియానో నోట్సు ఎఫ్‌లో ఉంది. క్లారినెట్లు బీ ఫ్లాటువి, అంటే సీ అని రాస్తే బీ ఫ్లాట్ పలుకుతాయి, అందుకని వాటికి జీలో రాశాను. ఆల్టో ఈ ఫ్లాటుది కాబట్టి డీలో. లెక్క సరేనా? మొన్న కలిపి వాయిస్తే ఆల్టో ఒక్కటీ పెళ్ళికి పిలవని చుట్టంలా విడిగా వినబడింది. పిల్లాడు తప్పు వాయించాడో, నేను తప్పు రాశానో తేలట్లేదు.

ఇంకోటి, ఆ బేస్ ముక్క యుఫోనియంకి ఇస్తే ఊపిరి అందట్లేదు పాపం. ఇద్దరికి పంచి రాయడం ఎలాగండి?