శిక్షణ పొందిన కుక్క మళ్లీ ఇంట్లో మూత్రం పోస్తోంది: జబ్బా, అలవాటా?

ప్రశ్న

మా ఆడకుక్కకు నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి చాలా కాలమైంది. చిన్నప్పుడే బయటికి వెళ్లడం నేర్చుకుంది, ఆ తరువాత ఇల్లు పాడు చేసిన సందర్భం లేదు. అలాంటిది కొన్ని వారాలుగా రెండు చోట్ల తడి కనిపిస్తోంది. పొద్దున అది నిద్ర లేచి అవతలికి వెళ్లాక చూస్తే పరుపు మీద, అది పడుకున్న చోటనే, అరచేయంత మరక ఉంటోంది. మేమంతా బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి మాత్రం వీధి గుమ్మం దగ్గరి పట్టా పూర్తిగా తడిసి ఉంటోంది, ఒక్కోసారి అక్కడే మలం కూడా ఉంటోంది. మేము ఇంట్లో ఉన్న రోజుల్లో పగటిపూట ఏ ఇబ్బందీ లేదు.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. వదిలేసి వెళ్తున్నామన్న కోపంతో కావాలనే చేస్తోందని మా అత్తగారి అభిప్రాయం. తలుపు తీయగానే అది చెవులు వెనక్కి వేసి, తోక ముడిచి మూలకు చేరడం చూస్తే, చేసింది తప్పని దానికి తెలుసేమోనని నాకూ అనిపిస్తోంది. సాయంత్రం నుంచి నీళ్లగిన్నె తీసేస్తే సరిపోతుందని మా వారు అంటున్నారు. ప్రస్తుతానికి ఫినాయిల్‌తో తుడుస్తున్నాము. దీన్ని జబ్బుగా చూడాలా, అలవాటుగా చూడాలా, ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

మొదటి సమాధానం

నేను పశువైద్యురాలిని. కుక్కను చూడకుండా రోగనిర్ధారణ చేయలేను గాని, మీ వివరణ చదివితే ఇవి ఒకటి కాదు, రెండు వేర్వేరు సమస్యలని అనిపిస్తోంది. గుమ్మం సంగతి తరువాత చూద్దాం, ముందు పరుపు గురించి చెబుతాను.

మూత్రం పోయాలనుకున్న కుక్క లేచి, వాసన చూసి, చోటు ఎంచుకుని వంగుతుంది. పడుకున్న చోటనే, నిద్రలోనే తడి అవుతోందంటే ఆ సంగతి దానికే తెలియకుండా మూత్రం కారుతోందని అర్థం. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో మూత్రాశయం నుంచి మూత్రం బయటికి రాకుండా బిగించి పట్టే కండరం కొంత కాలానికి వదులు కావడం తరచుగా చూస్తుంటాము. ఆపరేషన్ జరిగిన కొన్ని నెలలకు గాని, ఏళ్లకు గాని ఇది బయటపడవచ్చు, పెద్ద జాతుల్లో మరి కాస్త ఎక్కువ. ఫినైల్‌ప్రొపనోలమైన్ వంటి మందులతో చాలా కుక్కలు బాగా కోలుకుంటాయి. అయితే ఆ నిర్ణయానికి వచ్చే ముందు మూత్రనాళ ఇన్ఫెక్షన్, మూత్రాశయంలో రాళ్లు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, కుషింగ్స్ వ్యాధి (శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను మితిమీరడం) లేవని తేల్చుకోవాలి. వీటిలో చాలావాటి మొదటి ఆధారం మూత్ర పరీక్షలోనే దొరుకుతుంది.

నీళ్లగిన్నె మాత్రం తీయవద్దు. మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేని స్థితిలో ఉంటే, నీళ్లు ఆపినా మూత్రం ఆగదు, శరీరం ఎండిపోతుంది, అది ప్రాణానికే ముప్పు కావచ్చు. నీళ్లు ఆపడానికి బదులు కొలవండి. పొద్దున గిన్నెలో కొలిచి పోసి, మధ్యలో కలిపినది కూడా రాసుకుని, 24 గంటల తరువాత మిగిలినది తీసివేస్తే లెక్క తెలుస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే, అంటే 20 కిలోల కుక్క 2 లీటర్లకు మించి తాగుతుంటే, అది అసాధారణమే. ఇటీవల ఏ కారణానికైనా ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌లు, గుండెజబ్బుకు ఫ్యూరోసెమైడ్, మూర్ఛలకు ఫినోబార్బిటాల్ వంటివి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఇవన్నీ దాహాన్నీ మూత్రాన్నీ పెంచుతాయి. తడి తగిలే చోట చర్మం ఎర్రబడిందేమో కూడా చూడండి.

రెండవ సమాధానం

కుక్కల ప్రవర్తన శిక్షణ నా వృత్తి, కనుక గుమ్మం వైపు నుంచి మాట్లాడతాను.

ముందుగా ఆ "తప్పు చేసిన చూపు" గురించి. 2009లో కుక్కల ప్రవర్తనపై పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ప్రచురించిన ప్రయోగంలో, తినవద్దన్న తినుబండారాన్ని కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానికీ ఆ చూపుకీ పొంతన కుదరలేదు. యజమాని మందలించినప్పుడే అది ఎక్కువగా కనిపించింది. మీ కుక్క కూడా తలుపు దగ్గర మీ ముఖాన్నీ మీ గొంతునూ చదువుతోంది, గంటల క్రితం తాను చేసిన పనిని తలచుకోవడం లేదు. అందుకే ఇంటికి వచ్చాక చేసే శిక్ష ఏదీ ఆ పనికి ముడిపడదు, మీ రాకకే ముడిపడుతుంది. రేపు మీరు వచ్చే వేళకు దానికి మరింత బెదురు పుడుతుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే, అదీ బయటికి వెళ్లే దారి దగ్గర జరుగుతోందంటే, మొదట అనుమానించవలసినది ఒంటరితనపు ఆందోళనను. పాత ఫోనునో కెమెరానో గుమ్మం వైపు తిప్పి పెట్టి వెళ్లండి. మీరు వెళ్లిన తొలి అరగంటలోపే అది రొప్పుతూ తిరగడం, తలుపు గీకడం, ఊళ వేయడం, ఆ మధ్యలోనే మూత్రం పోయడం కనిపిస్తే అది ఆందోళనే. అలా కాక హాయిగా నిద్రపోయి, చాలా గంటల తరువాత లేచి గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగి వంగితే, అది ఆపుకోగలిగినంత సేపు ఆపుకుందని అర్థం. అప్పుడు మధ్యాహ్నం ఎవరైనా వచ్చి బయటికి తీసుకెళ్లే ఏర్పాటు చేస్తే చాలు, శిక్షణ అవసరమే ఉండదు.

ఫినాయిల్ వాసన మన ముక్కుకు మూత్రాన్ని కప్పేస్తుంది గాని, కుక్క ముక్కుకు కప్పదు. తడిని ముందు పొడి గుడ్డతో అద్ది, మూత్రంలోని వాసన పదార్థాలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, మరక ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు అది కూడా దిగేలా తడిపి, తనంతట తాను ఆరనివ్వాలి. అమ్మోనియా ఉన్న ద్రావకాలు అసలు వద్దు, ఎందుకంటే ఆ వాసన మూత్రాన్నే గుర్తు చేస్తుంది. పట్టాను నిస్సంకోచంగా మార్చేయండి.

మూడవ సమాధానం

పెద్దవారి మాటను ఇంత తేలికగా కొట్టిపారేయనక్కర్లేదు. మా ఇంట్లో మగకుక్క కొత్త సంచీ కనబడితే చాలు, కాలెత్తి రెండు చుక్కలు పోసేది. గట్టిగా కసిరితే మానింది. మీరు లేనప్పుడు బోనులో పెట్టి వెళ్తే ఇల్లూ శుభ్రం, మీకూ నిశ్చింత.

రెండవ సమాధానం రాసినవారు

మీరు చెప్పినది గుర్తు వేయడం. నిలువుగా ఉన్న వస్తువు మీద, కొద్దిగా, కొత్త వాసన తగిలిన చోట పోస్తే అది మూత్రాశయం నిండినందువల్ల కాదు, తన జాడ వదలడానికి. ఇక్కడ పట్టా మొత్తం తడుస్తోంది, మలం కూడా ఉంటోంది. పైగా కసిరితే చాలా కుక్కలు మానవు, మన కళ్ల ముందు మానతాయి. మనం చూస్తుండగా బయట కూడా మూత్రం పోయకుండా, ఇంట్లోకి వచ్చాక సోఫా వెనక్కి వెళ్లి పోసే కుక్కలు ఇలాగే తయారవుతాయి. ఇక బోను విషయానికి వస్తే, దానికి అలవాటుపడి ఇష్టంగా పడుకునే కుక్కకు అది మంచి గదే. ఆందోళనతో ఉన్న కుక్కను అందులో మూస్తే కమ్ములు కొరికి పళ్లు విరగ్గొట్టుకోవడం, గోళ్లు చీల్చుకోవడం నేను చూశాను. కెమెరాలో ఏముందో తెలియకముందు బోను వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కెమెరా పెట్టాను. మేము గేటు దాటిన కొద్ది నిమిషాలకే అది గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరగడం మొదలుపెట్టింది, తలెత్తి ఊళ వేసింది, తరువాత పట్టా మీద వంగింది. చూసిన తరువాత మా అత్తగారు కూడా కోపం అనడం మానేశారు. తాగే నీళ్లు కొలిచాను, మీరు చెప్పిన హద్దులోపే ఉన్నాయి. వారాంతంలోపు ఆసుపత్రికి తీసుకెళ్తాము. మూత్రం ఎలా పట్టాలో తెలియడం లేదు, గిన్నె చూడగానే లేచి నిలబడుతోంది. ఈలోగా దాన్ని ఒంటరిగా వదలడం గురించి ఏం చేయమంటారు?

రెండవ సమాధానం రాసినవారు

ఈలోగా వీలైనంతవరకు అసలు వదలకండి, ఒక్కో హడలూ ఆ భయాన్ని మరింత గట్టిపరుస్తుంది. శిక్షణ దాని ఓర్పు తెగకముందే తిరిగి రావడంతో మొదలవుతుంది, అది కొన్ని క్షణాలే అయినా సరే. తాళాలు తీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోవడం, చెప్పులు వేసుకుని వంటింట్లోకి నడవడం వంటివి చేస్తే ఆ చప్పుళ్లు మీ ప్రయాణానికి సూచనలుగా ఉండడం మానేస్తాయి. తలుపు మూసి తెరిచే వ్యవధిని అది ప్రశాంతంగా ఉన్నంతవరకే పెంచండి. భయం తీవ్రంగా ఉంటే ఫ్లుఓక్సెటిన్, క్లోమిప్రమైన్ వంటి మందులు శిక్షణకు తోడ్పడతాయి, అయితే వాటి ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది, మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

మొదటి సమాధానం రాసినవారు

మూత్రం పట్టడానికి లోతు గిన్నె కాక, చదునైన పళ్లెం గాని పొడవు పిడి ఉన్న గరిటె గాని వాడండి. పొద్దున మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు పడితే మూత్రం చిక్కగా ఉండి, మూత్రపిండాల పనితీరు అంచనా వేయడానికి పనికివస్తుంది. అది వంగి, ధార మొదలయ్యాకే వెనక నుంచి నెమ్మదిగా పళ్లెం జరపండి, ముందే చూపిస్తే లేస్తుంది. కొద్ది మిల్లీలీటర్లు చాలు. శుభ్రమైన పొడి సీసాలో పోసి, వెంటనే ఆసుపత్రికి చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచండి, ఎన్నింటికి పట్టారో సీసా మీద రాయండి. ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే డాక్టరు సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీయవచ్చు, కనుక ఆసుపత్రికి వెళ్లే ముందు దాన్ని మూత్రానికి బయటికి తీసుకెళ్లకండి.