రేకుల షెడ్డుకు పైనుంచి లాగిన వైరు: ఎర్త్ రాడ్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: ఇంటి వెనక పన్నెండు మీటర్ల దూరంలో ఇనుప రేకుల షెడ్డు ఉంది. ఇంటి నుంచి జీఐ తీగ కట్టి, దానికి రెండు కోర్ల వైరు వేలాడదీశాం. ఫేజు, న్యూట్రల్ మాత్రమే వచ్చాయి. షెడ్డు పక్కన రాడ్ పాతి రేకుకు కలిపితే చాలంటున్నారు ఎలక్ట్రీషియన్. వాన పడితే రేకు షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంటి బోర్డులో 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది.

జవాబు: రాడ్ పాతడం మంచిదేనండి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. రాడ్ నిరోధం 40 ఓమ్‌లు అనుకోండి. లోపల ఫేజు వైరు రేకుకు తగిలితే 230ని 40తో భాగించండి, 6 ఆంపియర్లు కూడా రాదు. ఎంసీబీకి అది మామూలు లోడే, పడిపోదు. లైట్లు చక్కగా వెలుగుతుంటాయి, షెడ్డంతా కరెంటు పాకి ఉంటుంది.

అందుకే ఈ లైను ఇంటి బోర్డులో మొదలయ్యే చోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయి ఆపేసే స్విచ్) పెట్టించండి. ఆ కాస్త లీకేజీకే అది పడిపోతుంది. ఎంసీబీని మాత్రం తీసేయకండి, ఓవర్‌లోడ్‌కూ షార్ట్‌కూ అదే దిక్కు.

మరొకరు: మూడు కోర్ల వైరు వేసి ఇంటి ఎర్త్‌నే పంపొచ్చు కదా?

జవాబు: మీ ఇంటికి సొంత ఎర్త్ పిట్ ఉంటే నిక్షేపంగా పంపొచ్చు. కానీ సప్లయి వాళ్ళిచ్చే ఎర్త్ న్యూట్రల్‌తో కలిసే వస్తుంటే జాగ్రత్త. బయట ఎక్కడో న్యూట్రల్ తెగితే ఆ వోల్టేజి నేరుగా రేకులోకి వస్తుంది. తడి నేల మీద నిలబడి రేకు పట్టుకున్న మనిషికి షాక్ తగులుతుంది. అలాంటి చోట ఇంటి ఎర్త్ షెడ్డును తాకకూడదు. షెడ్డుకు వేరే రాడ్, పైన చెప్పిన ఆర్‌సీసీబీ ఉండాలి. ఎర్త్ దొరకలేదని షెడ్డులో న్యూట్రల్‌కే కలిపేస్తుంటారు కొందరు. ఆ పని అస్సలు వద్దు.

ఇంకొకరు: వైరు రేకులోకి దిగే కన్నం చూశారా? కోసిన రేకు అంచు కత్తిలా ఉంటుంది, గాలికి వైరు ఊగినకొద్దీ ఇన్సులేషన్ గీసుకుపోతుంది. రబ్బరు బుష్ వేయండి. కన్నానికి ముందు వైరును కిందికి వంపు తిప్పితే వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి. జీఐ తీగకు రెండు చివరలా ఇన్సులేటర్లు పెట్టండి, దాన్నే ఎర్త్ వైరుగా వాడకండి. ఎర్త్ లగ్ (ఎర్త్ వైరు చివర ఉండే లోహపు బిళ్ళ) రేకుకు బిగించే చోట పెయింటు గీకేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు: ఆర్‌సీసీబీ తెప్పిస్తున్నాం. ఎలక్ట్రీషియన్ నిన్న ఫేజుకూ రాడ్‌కూ మధ్య 60 వాట్ల బల్బు పెట్టి చూపించారు. బాగా వెలిగింది. ఎర్త్ బాగున్నట్టేనా?

జవాబు: కాదండి. ఆ బల్బు లాగేది పావు ఆంపియరు, 40 ఓమ్‌ల దగ్గర పోయేది పది వోల్టులే. నాసిరకం ఎర్త్ మీదైనా అలాగే వెలుగుతుంది. ఆర్‌సీసీబీ టెస్టు బటన్ కూడా ఎర్త్ సంగతి చెప్పదు. ఎర్త్ టెస్టర్‌తో కొలిచి అంకె చెప్పమనండి.