చిన్న ప్రచురణ సంస్థ: కొత్త పుస్తకం పాఠకుల దాకా చేరాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

కొత్తఅచ్చు అడిగినది:

నమస్కారం. నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాం. మేమిద్దరం తప్ప మరెవరూ లేరు. ఎడిటింగ్ తను చూసుకుంటుంది. లేఅవుట్, ప్రెస్సు చుట్టూ తిరగడం, లెక్కలు నావి. ఇప్పటిదాకా కవిత్వం, కథలు వేశాం. ఇప్పుడు చేతిలో ఉన్నది వేరే రకం పుస్తకం. ఆసుపత్రి వార్డుల్లో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన ఒక నర్సు రాసుకున్న అనుభవాలు. ప్రూఫు చూస్తూ చూస్తూ ఇద్దరం చాలాచోట్ల ఆగిపోయాం, అంత బాగుంది.

మా బాధల్లా ప్రచారమే. ప్రతి పుస్తకానికీ ఫేస్‌బుక్‌లో పోస్టు పెడతాం, ఆవిష్కరణ సభ పెడతాం. తెలిసినవాళ్లు వస్తారు, కొంటారు. ఓ రెండు వారాలు సందడి. తర్వాత చడీచప్పుడు ఉండదు, మిగిలిన కట్టలు ఇంట్లో మూలన చేరతాయి. ఈసారి కాస్త డబ్బు పక్కన పెట్టాం. అది ఆన్‌లైన్ యాడ్స్‌కి పెట్టమంటారా? ప్రచారం చేసిపెడతామనే ఏజెన్సీకి ఇవ్వమంటారా? ఇంకా అచ్చుకు ఇవ్వలేదు, రెండో ప్రూఫు నడుస్తోంది.

---

పాతకంపోజిటర్ జవాబు:

"ఇంకా అచ్చుకు ఇవ్వలేదు" అన్నారు చూడండి, ఆ మాట చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే మీ చేతిలో ఇంకా టైమ్ ఉందన్నమాట. డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

నేను కంపోజింగ్‌తో మొదలుపెట్టి, తర్వాత సొంతంగా పుస్తకాలు వేస్తూ వచ్చాను. చిన్న సంస్థల్లో ఎక్కువగా చూసేది ఒకటే. ప్రెస్సు నుంచి కట్టలు దిగిన రోజే పుస్తకం "విడుదల" అయిపోతుంది. సమీక్ష రాయాల్సినవాళ్లకీ, షాపులవాళ్లకీ, లైబ్రరీలకీ, కొనాల్సిన పాఠకులకీ అందరికీ ఒకేసారి తెలుస్తుంది. సమీక్షకుడు చదివి, రాసి, అది అచ్చయ్యేసరికి మీ సందడి కాస్తా అయిపోతుంది. ఎవరి తప్పూ కాదు, మధ్యలో ఎడం లేదంతే. అమెరికాలో ప్రచురణ రంగం కోసం నడిచే పబ్లిషర్స్ వీక్లీ లాంటి పత్రికలు ప్రచురణ తేదీకి దాదాపు మూడు నెలల ముందే సమీక్ష కాపీ తమ చేతిలో ఉండాలంటాయి. ఆ పత్రిక మీకు అవసరం లేకపోవచ్చు, ఆ లెక్క మాత్రం అవసరం.

కాబట్టి ముందు తేదీ పెట్టుకోండి. మీ పుస్తకానికి మే 12 కంటే మంచి తేదీ దొరకదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఆ వారంలో నర్సుల సంఘాలు, నర్సింగ్ కాలేజీలు, ఆసుపత్రులు ఏదో ఒక సభ పెడతాయి. ఏం మాట్లాడాలి, ఎవరిని పిలవాలి అని వెతుకుతుంటాయి. పత్రికల ఆదివారం పేజీలవాళ్లూ ఆ రోజుకి ఒక వ్యాసం కావాలని చూస్తుంటారు. మీరు జనాన్ని పోగుచెయ్యక్కర్లేదు, పోగైన చోటికి వెళ్తే చాలు. ఈ మేకి కుదరదా? కంగారు పడి ఒక ప్రూఫు తగ్గించుకోకండి, వచ్చే మే దాకా ఆగండి.

తర్వాత, ఈ పుస్తకం కొనేదెవరో కాగితం మీద రాయండి. "సాహిత్యాభిమానులు" అని రాస్తే కొట్టెయ్యండి. నేనైతే ఇలా రాస్తాను: రాత్రి డ్యూటీ చేసే నర్సులు. నర్సింగ్ చదివే పిల్లలు, వాళ్లకి పాఠం చెప్పేవాళ్లు. ఇంట్లో నర్సు ఉన్న కుటుంబాలు. అమ్మనో నాన్ననో వార్డులో పెట్టుకుని మంచం పక్క స్టూలు మీద తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు. ఇలా రాశాక వీళ్లు ఏం చదువుతారు, ఏ గ్రూపుల్లో ఉంటారు, ఎవరి మాట వింటారు అన్నది వెతకడం పెద్ద కష్టం కాదు. సంఘం పత్రిక నడిపే ఎడిటర్ ఒకరు, కాలేజీ ప్రిన్సిపాల్ ఒకరు, నర్సుల వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఒకరు... ఇలా ముప్ఫై నలభై పేర్లు తేలతాయి. రెండో ప్రూఫు అవగానే ఒక ముప్ఫై కాపీలు డిజిటల్ ప్రింట్ తీయించి, అట్ట మీద "సమీక్ష ప్రతి, అమ్మకానికి కాదు" అని వేసి, ఒక్కొక్కరికీ పేరు పెట్టి ఉత్తరం రాసి పంపండి. మీరు పక్కన పెట్టిన డబ్బులో మొదటి ఖర్చు ఇదీ. అందరికీ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యడం వద్దు. "మీ పత్రికలో డ్యూటీ మార్పుల గురించి వచ్చిన వ్యాసం చదివాను, ఈ పుస్తకంలో నాలుగో అధ్యాయం దాని గురించే" అని రాస్తే, ఆ మనిషి కనీసం నాలుగో అధ్యాయం తెరుస్తారు.

ఇక వెనక అట్ట మీది మాటలు. నాకు ఇక్కడ పట్టింపు ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. మనలో చాలామంది ఇలా రాస్తారు:

"మానవీయ విలువలకు అద్దం పట్టే అపురూప రచన. ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం."

ఇది ఏ పుస్తకం మీదైనా అంటించొచ్చు. మీ పుస్తకం నేను చదవలేదు, అయినా మీరు చెప్పిన రెండు ముక్కలతో ఇలా మొదలుపెడతాను:

"రాత్రి రెండున్నర. వార్డులో ముప్ఫై మంచాలు, ఒక్క నర్సు. పదకొండో మంచం పెద్దాయన నిద్ర రావడం లేదంటున్నాడు. ఆయనకి కావాల్సింది మాత్ర కాదని ఆమెకి తెలుసు."

చదివేవాడికి ఒక చోటు కనిపించాలి, ఒక మనిషి కనిపించాలి, తర్వాత ఏమైందన్న ఆత్రం పుట్టాలి. మొదటి రెండు వాక్యాల్లోనే ఆ పని జరగాలి, ఎందుకంటే ఆన్‌లైన్ షాపుల్లో చాలాచోట్ల ఆ రెండే కనిపిస్తాయి. మిగతాది చదవాలంటే కింద నొక్కాలి. కవర్‌ని కూడా ఫోన్ తెరమీద బొటనవేలి గోరంత చేసి చూడండి. అప్పుడు పేరు చదవగలిగితేనే డిజైన్ ఖాయం చెయ్యండి.

దీనికి తోడు మెటాడేటా. పేరు వింటే భయమేస్తుంది కానీ, పుస్తకం గురించి షాపుల కంప్యూటర్లకి మనం ఇచ్చే వివరాలే. ఐఎస్‌బీఎన్ అంటే ఒక్కో పుస్తకానికి ఉండే గుర్తింపు సంఖ్య, 2007 నుంచి 13 అంకెలు. పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఈబుక్‌కి వేరేది తీసుకోవాలి. విషయ విభాగం దగ్గర "జనరల్" అని వదిలెయ్యకండి. థీమా అని అంతర్జాతీయ విభజన ఒకటుంది, అందులో ఆత్మకథలకీ నర్సింగ్‌కీ విడివిడిగా కోడ్‌లు ఉంటాయి, రెండూ ఇవ్వండి. రచయిత్రి పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగులో ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. విడుదలైన చాలా రోజులకి కూడా పుస్తకం వెతికేవాళ్లకి కనిపిస్తోందంటే చాలావరకు దీనివల్లే.

ఇప్పుడు యాడ్స్. లెక్క మీరే వేసి చూడండి. పుస్తకం వెల వంద అనుకోండి. షాపుకో డిస్ట్రిబ్యూటర్‌కో నలభై నుంచి యాభై పోతుంది. అచ్చుకి ఇరవై అయిదు, రాయల్టీ పది అనుకుంటే మీకు మిగిలేది పదిహేను నుంచి ఇరవై అయిదు. యాడ్ నొక్కిన వందమందిలో ఇద్దరు కొన్నారనుకుందాం, అప్పుడు మొత్తం మిగులు యాభై దాటదు. ఆ వంద క్లిక్కులూ యాభైకి మీకు వస్తాయా? పది పుస్తకాల సిరీస్ ఉన్నవాళ్లకి ఈ లెక్క వేరు, ఒకటి కొన్నవాడు మిగతావీ కొంటాడు. ఒక్క పుస్తకానికి నేనైతే పెట్టను. ఏజెన్సీ సంగతీ అంతే. "ఏ పత్రికలో ఎవరితో మాట్లాడతారు, ఎంతమందికి కాపీలు పంపుతారు" అని అడగండి. పేర్లు చెప్పకుండా "రీచ్" అంటూ, అంటే ఇంతమంది కంట పడుతుందంటూ, అంకెలు చెబితే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఆ డబ్బు సమీక్ష కాపీలకీ, పోస్టేజీకీ పెట్టండి. మిగిలింది మీ సొంత పాఠకుల జాబితాకి. సభకి వచ్చినవాళ్లు, నేరుగా మీ దగ్గర కొన్నవాళ్లు, వాళ్లని అడిగి ఈమెయిల్ తీసుకోండి. ఫేస్‌బుక్‌లో మీకెంత మంది ఉన్నా, మీ పోస్టు ఎవరికి చూపించాలో వాళ్లు నిర్ణయిస్తారు. జాబితా మీ సొంతం. ఇది ఇప్పటి తెలివేమీ కాదు. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా ఊల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ ఊల్ఫ్ 1917లో ఇంట్లో చేతియంత్రం పెట్టుకుని హోగార్త్ ప్రెస్ మొదలుపెట్టినప్పుడు అమ్ముకున్నది ఇలాగే. తెలిసినవాళ్లకి ఉత్తరాలు రాసి చందాదారుల్ని కూడగట్టారు. ముందే డబ్బు కట్టి అన్ని పుస్తకాలూ తీసుకునేవాళ్లు ఒక జాబితా, కొత్తది వచ్చినప్పుడల్లా కబురు పంపితే చాలనేవాళ్లు ఇంకో జాబితా. ఇప్పుడు బ్రిటన్‌లో అండ్ అదర్ స్టోరీస్ అనే చిన్న సంస్థ చందాదారుల పేర్లు పుస్తకం చివర అచ్చువేస్తోంది. తన పేరున్న పుస్తకాన్ని పాఠకుడు పదిమందికి చూపిస్తాడు కదా.

---

కౌంటర్‌వెనక జవాబు:

నేను పుస్తకాల షాపులో పనిచేస్తాను. కంపోజిటర్ గారు చెప్పినదానికి షాపు వైపు నుంచి రెండు మాటలు.

చిన్న పబ్లిషర్లు చాలామంది సంచిలో పది కాపీలు వేసుకుని నేరుగా వచ్చేస్తారు, అదీ రద్దీ వేళలో. దయచేసి ముందు ఒకే ఒక్క పేజీ పంపండి. కవర్ బొమ్మ, రచయిత, ఐఎస్‌బీఎన్, పేజీలు, సైజు, వెల, విడుదల తేదీ, కమీషన్ ఎంత, అమ్ముడవకపోతే వెనక్కి తీసుకుంటారా లేదా, ఎవరికి ఫోన్ చెయ్యాలి. వీటితోపాటు "ఇది ఎవరు కొంటారు" అని ఒక్క వాక్యం. ఆ వాక్యం ఉంటే ఏ షెల్ఫులో పెట్టాలో నాకు తెలుస్తుంది. మీ పుస్తకాన్ని నేనైతే ఆత్మకథల్లో పెడతాను, నర్సింగ్ టెక్స్ట్‌బుక్కుల పక్కన పెట్టను.

వెనక్కి తీసుకోవడం గురించి చాలామంది బాధపడతారు. అమెరికాలో 1930ల మాంద్యంలో షాపులు కొత్త పుస్తకాలు కొనడానికి జంకితే, పబ్లిషర్లు మొదలుపెట్టిన పద్ధతి అది. మాకు ధైర్యాన్నిస్తుంది, మీకు నష్టమే, ఒప్పుకుంటాను. అందుకే మొదట అయిదు కాపీలే ఇవ్వండి, అయ్యాక మళ్లీ అడుగుతాం. యాభై ఇస్తే నలభై వెనక్కి వస్తాయి, అవీ మూలలు నలిగి.

పుస్తకం బల్ల మీద ముఖం చూపిస్తూ ఉండేది కొన్నాళ్లే. తర్వాత షెల్ఫులోకి వెళ్తుంది, అక్కడ కనిపించేది వీపు ఒక్కటే. వీపు మీద అక్షరాలు పెద్దవిగా, రంగు తేడా బాగా తెలిసేలా వెయ్యండి. వెనక అట్ట మీద బార్‌కోడ్ మర్చిపోవద్దు. ఇంకొకటి, మీ పోస్టుల్లో ఎప్పుడూ ఆన్‌లైన్ లింకు ఒక్కటే ఇస్తుంటే, మీ పుస్తకం గురించి నేను పదిమందికి చెప్పాలనే ఉత్సాహం నాకెలా వస్తుంది? "మీ దగ్గర్లో ఉన్న షాపులో అడగండి" అన్న మాట కూడా చేర్చండి.

---

అట్టకాగితం జవాబు:

లైబ్రరీలో ఉంటాను, క్లుప్తంగా చెబుతాను. మాలో చాలామంది సప్లయర్ల ద్వారానే కొంటాం, కాబట్టి వాళ్ల కేటలాగ్‌లో మీ పుస్తకం ఉండాలి. పాఠకులు "ఈ పుస్తకం తెప్పించండి" అని అడిగితే దాన్ని మేం లెక్కలోకి తీసుకుంటాం. మీ జాబితాలోవాళ్లకి ఆ సంగతి చెప్పండి. నర్సింగ్ కాలేజీ లైబ్రరీలు పాఠ్యపుస్తకాలే కొంటాయని అనుకోవద్దు, ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండునని టీచర్లే అడుగుతుంటారు.

---

కొత్తఅచ్చు:

అందరికీ ధన్యవాదాలు. నా స్నేహితురాలు అప్పుడే పేర్ల జాబితా మొదలుపెట్టేసింది. ఒక చిక్కుంది. రచయిత్రి బాగా బిడియస్తురాలు. స్టేజీ అంటే ఆమడ దూరం. పైగా ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నారు. రచయిత కనిపించకుండా ప్రచారం అయ్యే పనేనా?

---

పాతకంపోజిటర్ జవాబు:

అవుతుంది. ఆవిడని బలవంతంగా స్టేజీ ఎక్కిస్తే ఆవిడకీ బాధ, వినేవాళ్లకీ ఇబ్బంది. వేరే ఏం చెయ్యగలరో అడగండి. ఇంట్లో కూర్చుని రెండు పేజీలు ఫోన్‌లో చదివి రికార్డు చేస్తారా? అయిదు నిమిషాల ఆడియో నర్సుల గ్రూపుల్లో ఎంత దూరం వెళ్తుందో మీరే చూస్తారు, డ్యూటీ మధ్యలో విరామంలో వినేస్తారు కదా. అదీ వద్దంటే ఒక చిన్న ఉత్తరం రాసిమ్మనండి, "రాత్రి డ్యూటీలో ఉన్న మీకు" అని. దాన్ని సమీక్ష కాపీల్లో పెట్టండి. మే 12 సభల్లో ఆవిడ బదులు వేరే నర్సు ఎవరైనా ఒక అధ్యాయం చదివితే ఇంకా బాగుంటుంది. అది చదివే మనిషి జీవితం కూడా కాబట్టి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆవిడ ఉద్యోగంలో ఉన్నారు, రాసింది రోగుల గురించి. ఒక్క పేరా బయటికి వదిలేముందు కూడా ఆవిడతో కూర్చుని చూసుకోండి. పేరు మార్చినా జబ్బు, ఊరు, వయసు, తేదీ కలిపి చదివితే ఫలానా వాళ్లని గుర్తుపట్టే వీలుందా? ఆసుపత్రి ఏదో తెలిసిపోతోందా? ఉద్యోగ నిబంధనల ప్రకారం ఆవిడ పైవాళ్ల దగ్గర అనుమతి తీసుకోవాలా? పుస్తకంలో మూడొందల పేజీల మధ్య కలిసిపోయే వివరం, విడిగా ఒక పోస్టులో పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పని మూడో ప్రూఫుకి ముందే చేసెయ్యండి, అప్పుడైతే పుస్తకంలో కూడా మార్చుకోవచ్చు. సమీక్ష ప్రతులు అది అయ్యాకే తీయించండి.

వెనక అట్ట మాటలు రాశాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.