సమస్య: “పాట లేని చోట పాట వింటి”

మూలాపేట (నిర్వాహకుడు):
ఈ వారం ఇదీ పాదం. దీన్ని నాలుగో పాదంగా పెట్టుకుని, పైన మూడు కట్టి ఆటవెలది పూర్తి చేయాలి. ఆలస్యం చేయకుండా అందుకోండి.

పాట లేని చోట పాట వింటి

ఎక్కడ పుట్టిందో కూడా చెప్తాను. మొన్న సెప్టెంబరులో అయిదుగురు స్నేహితులం అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయకి పోయినాం. 2012లో మొదలైన సంగీతోత్సవం అది, నాలుగు రోజులు ఆరుబయట జరుగుతుంది. గువహాటి నుంచి రాత్రి రైల్లో నాహర్లగున్, అక్కణ్ణించి సుమోలో కొండదారి. ఆ రాష్ట్రంలో అడుగుపెట్టటానికి ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోవాలి. వేదికలు వెదురుతో కడతారు. పగటి వేదికకి సూర్యుడి పేరు, రాత్రి వేదికకి చంద్రుడి పేరు, అక్కడి అపతానీల భాషలో. మాకు దొరికింది శని, ఆదివారాలే. డేరా వేసింది వరిచేల పక్కన. శనివారం రాత్రి వాన పట్టుకుంది. మోకాటి బూట్లు బురదలో దిగబడుతుంటే వేదిక వదిలి డేరాకి నడిచినాం. అంత దూరం పాట రాదు. అయినా ఎవరం నిద్రపోలేదు, అందరం దేన్నో వింటూనే ఉన్నాం. బూట్లు విప్పుతుంటే ఈ పాదం నోటికొచ్చింది. ఏం విన్నామో మీ పద్యాల్లో చెప్పండి.

పెన్నగట్టు:
దారి తప్పి గట్టు దాటి చేలో నిల్వఁ
గప్ప లెత్తె గొంతు కలసి మెలసి;
మైకు మూగబోయె, మాట లాగెను గాని
పాట లేని చోట పాట వింటి!

నేను జీరో చూడలేదు. వానాకాలం రాత్రి మా పెన్న కాలవ కింద మడి చూసినాను, చాలు.

కొత్తపట్నం అల:
రెండో పాదం చదవంగానే కప్పలు వినబడినాయి మాస్టారూ. మూడో పాదంలోనే పేచీ. మైకు మూగబోయినాక మాటలు ఆగినాయని మళ్ళీ చెప్పాలా? పునరుక్తి. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి జత కలపటం కోసం, తెచ్చిన మాట అని తెలిసిపోతోంది.

పెన్నగట్టు:
పునరుక్తి కాదు. మైకు వేదిక మీదిది. మాటలు పక్కన నడిచే స్నేహితులవి. దారి తప్పినాక అవీ ఆగినాయి. రెండూ ఆగితేనే కప్ప గొంతు చెవికెక్కుతుంది.

కొత్తపట్నం అల:
మీరు చెప్తే తెలిసింది. పద్యమే చెప్పాల్సింది.

వేదాయపాళెం:
నేనూ ఆ అయిదుగురిలో ఒకణ్ణి. వానలో తడిసిన పద్యం ఇది.

కూడి మిత్రు లంత గుడారము నొకటి
వేసి పండ వాన వీడ దాయె;
తడిసెఁ బక్క యంత, దరువొక్కటే తోడు,
పాట లేని చోట పాట వింటి.

పెన్నగట్టు:
అబ్బయ్యా, “గుడార” జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలదిలో పడదు. గణం మొదట్లో ఎట్లా ఎక్కించినావు? కూ–గు యతి దొరికిందన్న సంబరంలో నడక చూసుకోలేదు. మిగతా మూడు పాదాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఈ ఒక్క చోటే కాలు మడత పడింది.

కంభం చెరువు:
ముందు ఒక్క మాట చేరిస్తే లేస్తుంది తమ్ముడూ. “కొత్త గుడారము” అని చూడు. కొత్తగు–డారము, రెండూ భగణాలే (గురువు, రెండు లఘువులు), ఇక్కడ చెల్లుతాయి. కూ–కొ యతి కూడా నిలబడింది.

కొత్తపట్నం అల:
పక్క తడిసిందా లేదా అన్నది అటుంచితే, “దరువొక్కటే తోడు” అన్నది నిఖార్సైన నిజం. దూరం పోయేకొద్దీ గాలి సన్నటి స్వరాల్ని ముందు తినేస్తుంది. గొంతు, ఫిడేలు, మాటల అంచులు పోతాయి. డోలు మోత మిగులుతుంది. ఇంకోటుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి దూరాన దిగుతుంది. లోయలో అయితే మరీనూ. మా ఊళ్ళో రాత్రి రెండింటప్పుడు పక్కూరి పద్యనాటకం హార్మోనియం పొలంలో వినబడటం ఎరగనివాళ్ళు లేరు. రాగం తీసేటప్పుడు వినబడేది, పద్యం మాటలు మాత్రం అందేవి కావు. మాటలు మేమే పూరించుకునేవాళ్ళం. అదీ పూరణే గదా!

మూలాపేట (నిర్వాహకుడు):
అన్నా, ఆ రాత్రి మేం చేసింది అదే. దరువు వచ్చేది. దానికి ఎవరి పాట వాళ్ళు లోపల పాడుకున్నాం.

పెన్నగట్టు:
జగణం మాట వచ్చింది గాబట్టి గుర్తొచ్చింది. ఉగాది సమస్యకి కొండపి గారు ఇట్లాగే “పుడమి తల్లి యిచ్చె పొగాకు సిరులను” అని రాసినారు. నేను చెప్తే, పొగాకు పండించే వాళ్ళకి తెలుస్తుంది పొగాకు ఎట్లా పలకాలో అని నాకే పాఠం చెప్పినారు. పలకటం వేరు, గణం వేరు. ఆ చర్చాదారం అక్కడే ఆగిపోయింది. ఆయన మళ్ళీ ఇటు రాలేదు.

కొండపి:
వచ్చినాను మాస్టారూ. ఆ అయిదుగురిలో నేనూ ఉన్నాను. ఆ రోజు మీరు చెప్పింది సరి, నేను విసుక్కున్నాను. ఆరు నెలలుగా ఆ మాటకి తోవ వెతుకుతున్నాను.

నాటినట్టి వరియె నట్టింటఁ గూడయ్యె,
మడులఁ జేప లాడె మంచు లోన;
పొట్ట నింపి నట్టి పొగయాకు వేలము
పాట లేని చోట పాట వింటి.

ఆదివారం తెల్లారి మిగతా నలుగురూ నిద్రలో ఉంటే నేను గట్ల మీద నడిచినాను. నాగలి లేదు, ఎద్దు లేదు, చేతుల్తోనే సేద్యం. అదే మడి నీళ్ళలో చేపలు. ఒక పెద్దామె, ఇవి మా ఇంటి గింజలు, మేమే తింటాం అని చెప్పింది. ఆమె కూతురు హిందీలోకి మార్చి చెప్పింది. మా ఇంట్లో పండిన ఆకు మేం ఒక్క రోజు కూడా మాదని అనుకోలేదు. గ్రేడు కట్టి, బేలు తొక్కి, వేలం కేంద్రానికి పంపేదాకా గుండె దడే. మన రాష్ట్రంలో 1985లో పొగాకు బోర్డు వేలం మొదలైనప్పటి నుంచీ నాయన ఆ వేలం ఫ్లోరు మీదే ఉన్నాడు. ఒక బేలు మీద “నో బిడ్”, అంటే కొనేవాడు లేడని, పడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడం. ఆ పాట వినబడని చోట నిలబడటం నాకు అదే మొదటిసారి. దూరంగా పగటి వేదిక మీద ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. నేను విన్న పాట అదే.

కొత్తపట్నం అల:
వేలముపాట! మూడో పాదం చివర విరుపు చూసి లేచి నిలబడినాను. సమస్యలో మొదటి “పాట”ని పైపాదం ఎత్తుకుపోయింది. రెండో పాట ఒక్కటే పాటగా మిగిలింది.

కంభం చెరువు:
“పొగయాకు” కూడా చూడండి. అత్తునకు సంధి బహుళం, అంటే చివరి అకారానికి అచ్చు తగిలితే సంధి కావచ్చు, కాకపోవచ్చు. సంధి వదిలి యడాగమం తెచ్చుకుంటే జగణం పోయి సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) వచ్చింది. కొండపి తమ్ముడు ఉగాది బాకీ వడ్డీతో కట్టేశాడు.

వేదాయపాళెం:
ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ వేలం గదా అన్నా. నోటితో పాడేదెక్కడ? అట్లా చూస్తే ఫ్లోరు కూడా “పాట లేని” చోటే.

కొండపి:
నిజమే. మీట నొక్కుతారు, రేటు కనబడుతుంది. నాయన మాత్రం ఇంకా “పాట ఎంతకి పోయింది” అనే అడుగుతాడు.

పెన్నగట్టు:
పద్యం బాగుంది. బాగుందని ఊరికే అనను. “పొట్ట నింపి నట్టి” అన్నారు చూడండి, అక్కడ ఉంది పద్యం. వేలాన్ని తిట్టి ఉంటే రెండో రకం పద్యమయ్యేది. అన్నం పెట్టినదాన్ని తలుచుకుంటూనే దానికి దూరంగా నిలబడినారు. ఒక్క “మంచు లోన” దగ్గర ఆగినాను, యతికి తెచ్చినట్టుంది.

మూలాపేట (నిర్వాహకుడు):
మంచు నిజంగా ఉంది మాస్టారూ. 1,500 మీటర్ల పైన ఉంటుంది ఆ లోయ. ఆ తెల్లారి పక్క డేరా కూడా కనబడలేదు.

పెన్నగట్టు:
అయితే ఉండనీ.

కంభం చెరువు:
నాదీ ఒకటి. దీనికి పర్మిట్టూ సుమో అక్కర్లేదు.

కంభమునకు దాపు కాకర్ల కేగితి,
వేది లేదు, సభయు, వీణ లేదు;
త్యాగరాజ మూలధరణిని ముద్దాడి
పాట లేని చోట పాట వింటి!

త్యాగయ్య గారి ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వులు ఇక్కణ్ణించి తంజావూరు వైపు పోయినవాళ్ళు. శ్యామశాస్త్రి గారి పూర్వులదీ మా కంభమే. సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి మూలాలు ఇంత దగ్గర్లో ఉన్నాయని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పెన్నగట్టు:
త్యా–ధ యతి సరిపోయింది. కానీ అమ్మా, కార్తీకం సమస్యకీ త్యాగయ్యే, సంక్రాంతి సమస్యకీ త్యాగయ్యే. ఇంకొకరిని కూడా పిలవండి.

కంభం చెరువు:
మీకు తిక్కన్న లేకుండా వ్యాఖ్య దిగుతుందా మాస్టారూ? ఈ ఒక్క దారంలోనే ఇంకా తలుచుకోలేదు, ఆశ్చర్యంగా ఉంది.

పెన్నగట్టు:
తలుచుకుంటాను. ఆయన మా పెన్న ఒడ్డునే కూర్చుని భారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చెప్పినాడు.

కొండపి:
అరణ్యపర్వంలో మిగిలింది మా ఎఱ్ఱన్న చెప్పినాడు. నన్నయ్య ఎక్కడ ఆపినాడో అక్కడ అందుకుని, అతుకు కనబడకుండా. అంత పెద్ద పూరణ ఇంకెవరు చేసినారు?

పెన్నగట్టు:
ఒప్పుకుంటున్నాను. ఉగాది దారంలో మీ మీద రాసిన ఆ వ్యాఖ్య కటువుగా ఉంది. తీసేయమంటే తీసేస్తాను.

కొండపి:
ఉండనీయండి. నిన్న రాత్రి ఈ పద్యం నాయనకి చదివి వినిపించినాను. మూడో పాదం దగ్గర చెయ్యెత్తి ఆపి, మళ్ళీ చదవమన్నాడు. రెండోసారీ అక్కడే ఆపినాడు.

మూలాపేట (నిర్వాహకుడు):
వేదాయపాళెం తమ్ముడూ, సవరించిన పద్యం మొత్తం ఒకచోట పెట్టు. సగం పైన, సగం కింద ఉంటే వెనక వచ్చేవాళ్ళకి దొరకదు.

వేదాయపాళెం:
కూడి మిత్రు లంత కొత్త గుడారము
వేసి పండ వాన వీడ దాయె;
తడిసెఁ బక్క యంత, దరువొక్కటే తోడు,
పాట లేని చోట పాట వింటి.

పెన్నగట్టు:
ఇప్పుడు నిలబడింది. తాళ్ళు గట్టిగా బిగించినావు.