మాజీ సైనికుల ఆసుపత్రిలో అంటువ్యాధుల శిక్షణ: హైదరాబాద్‌లో చదివినవారికి కొత్తగా ఏమి దొరుకుతుంది?

ప్రశ్న (ఎండీ విద్యార్థి, నారాయణగూడ)

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ ఎండీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అంటువ్యాధుల విభాగంలోనే ముందుకు వెళ్లాలని నిశ్చయించుకున్నాను. అమెరికాలో ఇదే విభాగంలో ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) చేస్తున్న మా సీనియర్ ఒకరు, తన శిక్షణలో సగానికి పైగా వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రిలోనే సాగుతోందని చెప్పారు. అక్కడి రోగుల్లో అధికులు వయసు మళ్లిన పురుషులు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో డిఫ్తీరియా, ధనుర్వాతం, రేబిస్ కేసులను, వానాకాలమంతా డెంగీ జ్వరాలను చూసిన మాబోటివారికి అటువంటి చోట నేర్చుకోవడానికి ఏముంటుందన్నది నా సందేహం. ఆ శిక్షణ పొందినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (అంటువ్యాధుల వైద్యుడు, బంజారాహిల్స్)

డాక్టర్ గారూ, నేను అక్కడ శిక్షణ పూర్తి చేసుకుని తిరిగి వచ్చి ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. నల్లకుంటలో మనం రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాం. రోగి నాలుగైదు రోజుల్లో కోలుకుని వెళ్లిపోతాడు, లేదా దురదృష్టవశాత్తు చేయి దాటిపోతాడు, ఆ తరువాత అతని సంగతి మనకు తెలియదు. వెటరన్స్ ఆసుపత్రిలో రోగి ఏళ్ల తరబడి అదే వ్యవస్థలో ఉంటాడు. దేశంలో ఏ ఊరి వెటరన్స్ ఆసుపత్రిలో చూపించుకున్నా అతని పాత కల్చర్ (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) రిపోర్టులు, వాడిన మందులు, తీసిన ఎక్స్‌రేలు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. మధుమేహంతో కాలి పుండు పడి, అది ఎముకదాకా పాకిన రోగికి మీరు ఆరు వారాల యాంటీబయాటిక్ రాస్తే, అది పనిచేసిందో లేదో ఏడాది తరువాత మీకే తెలుస్తుంది. ఇంట్లోనే నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించుకునేవారి రక్తపరీక్షలను వారం వారం చూసి మోతాదు సరిచేసే బాధ్యత చాలాచోట్ల ఫెలోదే. మందు మొదలుపెట్టడం ఎవరైనా చేస్తారు. ఎప్పుడు ఆపాలో చెప్పగలగడమే మన విభాగపు అసలు విద్య అని నాకు అక్కడే బోధపడింది.

వృద్ధుల రోగాలే కదా అని తేలికగా తీసుకోకండి. వియత్నాం యుద్ధంలో పనిచేసినవారి పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు దశాబ్దాల పాటు గుట్టుగా బతికి ఉండవచ్చు, ఎందుకంటే అది శరీరం లోపలే తన సంతతిని పెంచుకోగలదు. ఆస్తమాకో కీళ్లవాతానికో అటువంటివారికి స్టెరాయిడ్ ఇస్తే పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే పరీక్ష చేయించి, అవసరమైతే ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఇరాక్ నుంచి తిరిగివచ్చిన క్షతగాత్రుల గాయాల్లో మందులకు లొంగని ఎసినెటోబాక్టర్ అనే బాక్టీరియా, కొందరి చర్మంపై లీష్మేనియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే పుండ్లు కనిపించాయి. వీటికి తోడు హెచ్ఐవీ, హెపటైటిస్ సి రోగులు ఎక్కువ. 2014 నుంచి వచ్చిన నోటి మాత్రలతో 2019 నాటికి లక్ష మందికి పైగా మాజీ సైనికులకు హెపటైటిస్ సి నయం చేసిన వ్యవస్థ అది. కాలేయ నిపుణులు మాత్రమే అయితే అంతమందిని చూడలేరు. ఫార్మసిస్టులకు, నర్సులకు కూడా శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగించారు. నన్నడిగితే, హైదరాబాద్ వైద్యులు అక్కడ అన్నిటికంటే ముందు చూడవలసింది దీన్నే.

సమాధానం 2 (మైక్రోబయాలజిస్ట్, సికింద్రాబాద్)

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క హెచ్చరిక తప్ప. ఆ వ్యవస్థలో ఎక్కువగా చెప్పుకునే విజయం ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ వంటి మందులకు లొంగని స్టాఫ్ బాక్టీరియా) నివారణ. 2007లో అన్ని వెటరన్స్ ఆసుపత్రుల్లోనూ చేరిన ప్రతి రోగికీ ముక్కులో స్వాబ్ తీసి పరీక్షించడం, ఆ సూక్ష్మజీవి ఉన్నవారిని తాకేటప్పుడు గ్లౌజులు, గౌను ధరించడం, చేతులు శుభ్రం చేసుకోవడం కలిపి అమలు చేశారు. 2010 జూన్ నాటికి ఐసీయూలలో ఆసుపత్రి వల్ల సోకే ఎంఆర్‌ఎస్‌ఏ 62 శాతం తగ్గినట్టు 2011లో ప్రచురించారు. అందులో ఎంత భాగం స్వాబ్‌ది, ఎంత భాగం చేతుల శుభ్రతది అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. దాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే మన ఐసీయూలకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మాకు ల్యాబులో నిద్రపట్టనివ్వనిది కార్బాపెనెమ్ అనే శక్తివంతమైన యాంటీబయాటిక్‌కు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. అది ముక్కులో కాదు, పేగుల్లో కాపురం ఉంటుంది. ప్రతినెలా ఇన్ఫెక్షన్ల లెక్క తీయడం, ఆ లెక్కను వార్డు సిస్టర్‌తో సహా అందరి ముందూ పెట్టడం అనే పద్ధతిని మాత్రం తప్పకుండా తెచ్చుకోండి.

సమాధానం 3 (విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి)

నేను డాక్టరును కాను, సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసినవాణ్ణి. మన దేశంలో అమెరికా తరహాలో మాజీ సైనికులకు విడిగా ఆసుపత్రుల వ్యవస్థ లేదు. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కింద పాలీక్లినిక్‌కు వెళ్తాం. అక్కడి నుంచి మిలిటరీ ఆసుపత్రికో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికో పంపుతారు. కాగితాల ఫైలును సంచిలో పెట్టుకుని మేమే మోయాలి. మొన్న మా మిత్రుడొకరు జ్వరంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే కల్చర్ పంపకుండానే మూడు రకాల యాంటీబయాటిక్‌లు ఎక్కించారు. ఆయన చాలాకాలం ఈశాన్య రాష్ట్రాల్లో పనిచేశారని, అక్కడ మలేరియా పడ్డారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాగి నెలల తరువాత తిరగబెడుతుందని డాక్టర్లకు నేను చెప్పనక్కరలేదు. బాబూ, మీరు ఎక్కడ శిక్షణ పొందినా, మాలాంటివారు వచ్చినప్పుడు ఎక్కడెక్కడ పోస్టింగు చేశారో కేస్ షీటులో ఒక వరుస రాయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. సుబేదార్ గారూ, రేపటి ఓపీ నుంచే అడుగుతాను. బంజారాహిల్స్ డాక్టర్ గారూ, చివరిగా ఒక మాట. ఇక్కడి ఎండీతో నేరుగా ఆ ఫెలోషిప్‌లో చేరవచ్చా? విదేశీయులను ఆ ఆసుపత్రుల్లోకి అనుమతిస్తారా?

సమాధానం 4 (అంటువ్యాధుల వైద్యుడు, బంజారాహిల్స్)

సాధారణంగా కుదరదు. మన ఎండీ ఉన్నా అక్కడ మూడేళ్ల ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) మళ్లీ చేసి, ఆపైన రెండేళ్ల ఫెలోషిప్ చేయాలి. ఫెలోషిప్ సీటు దొరకడం అంత కష్టం కాదు, ఈ విభాగంలో ఏటా కొన్ని ఖాళీగానే మిగులుతున్నాయి, రెసిడెన్సీయే కష్టం. 1946 నుంచి వెటరన్స్ ఆసుపత్రులు వైద్య కళాశాలలతో కలిసి పనిచేస్తున్నందున, శిక్షణలో ఉన్నవారు జే-1 వీసాతో అక్కడ పనిచేయవచ్చు. శాశ్వత ఉద్యోగానికి మాత్రం పౌరసత్వం ఉన్నవారికే ప్రాధాన్యం. అన్నేళ్లు వెచ్చించలేకపోతే నీట్ ఎస్ఎస్ ప్రవేశ పరీక్ష రాసి వెల్లూరు సీఎంసీలోనో, ఐఎన్ఐ-ఎస్ఎస్ ప్రవేశ పరీక్ష రాసి ఢిల్లీ ఎయిమ్స్‌లోనో డీఎం (ఎండీ తరువాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేయండి, మూడేళ్లలో పూర్తవుతుంది. నాకు మళ్లీ అవకాశం వస్తే నేను వెల్లూరుకే వెళ్తాను.