గోడకి మూడు గిటార్లు తగిలించాలి: ఏ గోడ, ఏ ప్లగ్, ఏ హ్యాంగర్?

లక్ష్మీపురం_స్ట్రమ్మర్:

గుంటూరులో అద్దె ఫ్లాట్, రెండో అంతస్తు. కట్టి ఐదారేళ్లయిన బిల్డింగ్. గిటార్లు మూడున్నాయి: డ్రెడ్‌నాట్ (పెద్ద ఒళ్లు) అకూస్టిక్, నైలాన్ తీగల క్లాసికల్, లెస్ పాల్ ఆకారం ఎలక్ట్రిక్ (ఇది నాలుగు కిలోలు దాటుతుంది). నేల మీద స్టాండులో పెడితే మా మూడేళ్ల బుడ్డోడు వదలడం లేదు, అందుకే గోడకెక్కిద్దామని. ఓనర్ గారు డ్రిల్లింగుకి ఒప్పుకున్నారు, గోడ పాడవకూడదు అన్నారు.

హాల్లో మూడు గోడలు ఖాళీ. ఒకటి పడమటి వైపు బయటి గోడ, ఒకటి బెడ్‌రూమ్‌కి హాలుకి మధ్యది, ఇంకోదాని వెనక బాత్రూమ్. ఏసీ బెడ్‌రూమ్‌లో మాత్రమే ఉంది. ఏ గోడ మంచిది? హ్యాంగర్‌తో పాటు వచ్చే స్క్రూలు సరిపోతాయా? డ్రిల్లు లేకుండా అంటించే హుక్కులు 10 కిలోలు మోస్తాయని ప్యాకెట్ మీద రాస్తున్నారు, నమ్మొచ్చా? తల దగ్గర పట్టి వేలాడదీస్తే మెడ వంగుతుందని ఒకరు భయపెట్టారు, అదీ చెప్పండి.

గవర్నర్‌పేట_డ్రిల్లుబిట్టు:

అంటించే హుక్కు సంగతి ముందు తేల్చేద్దాం. అది అంటుకునేది ఇటుకకి కాదు, రంగుకి. రంగు పుట్టీకి, పుట్టీ ప్లాస్టరింగ్‌కి పట్టుకుని ఉంటాయి. హుక్కు జిగురు ఎంత గట్టిదైనా పుట్టీ పొర అరచేతి వెడల్పున ఊడి చేతికొస్తుంది. వానాకాలం చెమ్మకి ఇంకా తొందరగా. గిటార్‌కి వద్దండీ, క్యాలెండర్ తగిలించుకోండి.

ఇప్పుడు స్క్రూలు. గిటార్ బరువు నాలుగు కిలోలే కదా అనుకుంటాం. కానీ హ్యాంగర్ చేతులు గోడకి 10 సెంటీమీటర్లు ముందుకి ఉంటాయి. ప్లేటు కింది అంచు నుంచి పై స్క్రూ 5 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి, ఆ స్క్రూని గోడలోంచి బయటికి పీకే బలం 8 కిలోలవుతుంది. అదీ గిటార్ ఊరికే వేలాడుతున్నప్పుడు. ఎవరైనా కిందనుంచి పట్టుకుని లాగితే లెక్క వేరే. అందుకే స్క్రూ విరగడం అనేది జరగదు, ప్లగ్గే గోడలోంచి ఊడి వస్తుంది. అన్నీ దాని చుట్టూనే ఆలోచించాలి.

చాలా హ్యాంగర్లతో ఇచ్చేవి 6 ఎంఎం ప్లగ్, 30 ఎంఎం స్క్రూ. మన ఇళ్లలో పుట్టీ, ప్లాస్టరింగ్ కలిపి 15 ఎంఎం వేసుకోండి, మేస్త్రీ గోడ తూకం సరిచేసిన చోట 20 కూడా ఉంటుంది. ఇనప ప్లేటుకి 3 పోతే ఇటుకలోకి దిగేది 10, 12 ఎంఎం. హ్యాంగర్‌కి వెనక 20 ఎంఎం చెక్క దిమ్మ ఉంటే ఆ 30 స్క్రూ ఇటుకని తాకనే తాకదు, ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతుంది. ఇదే అసలు ప్రమాదం, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది మరి.

కాబట్టి లెక్క ఇలా: దిమ్మ మందం, ప్లాస్టరింగ్ మందం, దానికి 40 ఎంఎం కలపండి. దిమ్మ 20, ప్లాస్టర్ 15 అయితే 75 ఎంఎం స్క్రూ, 5 ఎంఎం లావు. దానికి 8 ఎంఎం నైలాన్ ప్లగ్, 8 ఎంఎం మేసన్రీ బిట్టు. రంధ్రం లోతు ప్లగ్ కొస దిగే చోటుకంటే 10 ఎంఎం ఎక్కువ ఉండాలి, లేకపోతే స్క్రూ మొన అడుగున తగిలి ప్లగ్‌ని వెనక్కి నెడుతుంది. బిట్టుకి ఆ లోతు దగ్గర ఇన్సులేషన్ టేప్ చుట్టుకోండి. ప్లగ్‌ని గోడ మట్టానికి ఆపకుండా, పాత స్క్రూ తలతో కొట్టి ప్లాస్టరింగ్ దాటించండి. ప్లగ్ విచ్చుకునేది ప్లాస్టరింగ్‌లో అయితే చుట్టూ చీలిక వస్తుంది, ఇటుకలో విచ్చుకోవాలి.

డ్రిల్ చేసేటప్పుడు ముందు 4 ఎంఎం బిట్టుతో, హ్యామర్ లేకుండా, మాస్కింగ్ టేప్ మీద. తర్వాత 8. రంధ్రంలో దుమ్ము పూర్తిగా ఊదేయాలి, పిల్లల సైకిల్ పంపు దీనికి బంగారం. దుమ్ము ఉంటే ప్లగ్ జారుతుంది.

ఆ దుమ్ము రంగు మాత్రం చూసి ఇక్కడ పెట్టండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిద రంగైతే ఫ్లైయాష్ ఇటుక, మన వైపు కొత్త బిల్డింగుల్లో మామూలే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద పక్కనే ఉండగా ఇటుకలకి కొరతేముంది. బూడిద రంగే వచ్చి బిట్టు అసలు దిగకుండా అరుస్తుంటే అది కాంక్రీటు కాలమ్ లేదా బీమ్, అక్కడ మామూలు డ్రిల్లు పనిచేయదు, రోటరీ హ్యామర్ కావాలి. పిండిలా తెల్లగా, చేత్తో నొక్కితే దిగిపోయేలా వస్తే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో చేసే తేలిక సిమెంటు బ్లాకు). దానికి పైన చెప్పిన పద్ధతి పనికిరాదు.

పటమట_ఫ్రెట్‌బోర్డ్:

మెడ సంగతి. అకూస్టిక్‌కి 12 గేజ్ లైట్ తీగల సెట్ వేసి మామూలు ట్యూనింగ్‌లో పెడితే ఆరు తీగలు కలిసి మెడని లాగే బలం 70 కిలోల పైమాటే. నైలాన్ తీగలైనా 40 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. రాత్రింబవళ్లు అది మోస్తున్న మెడకి సొంత ఒళ్లు రెండు మూడు కిలోలు లెక్కే కాదు. పైగా వేలాడేటప్పుడు బరువు మెడ పొడవునా నిలువుగా కిందికి లాగుతుంది, అడ్డంగా వంచదు. మెడ విరిగే సందర్భం ఒక్కటే, కింద పడటం. లెస్ పాల్ తరహా గిటార్లకి తల వెనక్కి వాలి ఉంటుంది, నట్ (తల మొదట్లో తీగలు ఆనే పట్టీ) వెనక, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనప కడ్డీ) గాడి దగ్గర చెక్క పల్చన. స్టాండులోంచి వెనక్కి పడ్డా అక్కడే విరుగుతుంది.

హ్యాంగర్ కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, చేతుల మధ్య సందు. స్టీల్ తీగల గిటార్‌కి నట్ వెడల్పు 43 ఎంఎం, క్లాసికల్‌కి 52. ఇరుకు హ్యాంగర్‌లో క్లాసికల్ మెడ రాసుకుంటుంది. రెండోది, చేతుల మీది రబ్బరు లేదా ఫోమ్. మీ ఎలక్ట్రిక్‌కి పాలీ ఫినిష్ (ప్లాస్టిక్ పూత) అయితే ఏమీ కాదు, మార్కెట్లో ఎక్కువ గిటార్లకి అదే. నైట్రోసెల్యులోజ్ లక్కర్ అయితే రబ్బరులోని మెత్తబరిచే రసాయనం లక్కర్‌లోకి దిగి, తాకిన చోట జిగటై మచ్చ పడుతుంది. అది తుడిస్తే పోదు. ఖరీదైన క్లాసికల్స్‌కి వాడే ఫ్రెంచ్ పాలిష్ (లక్క పూత)ది కూడా ఇదే కథ. ఏ ఫినిషో తెలియకపోతే హ్యాంగర్ చేతులకి ఉతికిన పాత కాటన్ గుడ్డ తొడిగేయండి, గొడవ వదిలిపోతుంది.

బరువు పడగానే చేతులు మూసుకుని మెడని పట్టేసే రకం, హెర్క్యులిస్ వాళ్ల ఆటో గ్రిప్ లాంటిది, పిల్లలున్న ఇంట్లో డబ్బుకి తగ్గ వస్తువు. ఎవరైనా కిందనుంచి తట్టినా తల బయటికి జారదు. దాని లోపల కాస్త ఎత్తితే తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది, మీ వాడు ఎత్తలేడు.

కృష్ణలంక_టోన్‌వుడ్:

గోడ ఎంపిక గురించి ఎవరూ మాట్లాడలేదు. పడమటి బయటి గోడ వద్దే వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా ఎండ తిని, రాత్రి పది దాకా ఆ వేడి ఇంట్లోకి వదులుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, రెండున్నర మూడు ఎంఎం మందం గిటార్ పైపలక ఎంత! వేడికి జిగురు మెత్తబడితే ముందు బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు కట్టే చెక్క) వెనక అంచు లేస్తుంది, సన్న కాగితం దూర్చి చూస్తే తెలుస్తుంది. ఇదే గోడకి వానాకాలంలో బయటి తడి లోపలికి దిగుతుంది. రంగు పొక్కులు లేచాయా, మూలల్లో నల్ల మచ్చలున్నాయా చూడండి. ఉంటే గిటార్ వీపుకీ గోడకీ మధ్య చెమ్మ నిలిచి బూజు పడుతుంది.

బాత్రూమ్ గోడలో చెమ్మే కాదు, పైపులుంటాయి. సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుని మెటల్ డిటెక్టర్ పట్టదు. డ్రిల్లు దిగాక నీళ్లు చిమ్మితేనే తెలుస్తుంది, కింది ఫ్లాట్ వాళ్లు కూడా పైకొస్తారు.

మిగిలింది బెడ్‌రూమ్ మధ్య గోడ. రెండు వైపులా ఇల్లే కాబట్టి వేడి నిలకడగా ఉంటుంది. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా, ప్లగ్ పాయింట్లకి అడ్డంగా వైరింగ్ గొట్టాలు వెళ్తాయని ఊహించుకుని ఆ దారి నుంచి ఒక అడుగు తప్పించండి. డ్రిల్ చేసేటప్పుడు ఆ గదుల ఎంసీబీలు దించేసి, డ్రిల్లుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేరే గది నుంచి తెచ్చుకోండి. బెడ్‌రూమ్ వైపు ఏసీ ఈ గోడకే ఉంటే దాని పైపు దారి కూడా చూసుకోండి.

ఒక్క విషయంలో పైన వాళ్లతో నాకు తేడా ఉంది. ఎలక్ట్రిక్ ఏడాదంతా గోడ మీదుండొచ్చు. సాలిడ్ టాప్ (పైపలక పొరలు లేని ఒకే చెక్క) అకూస్టిక్‌ని మాత్రం ఏప్రిల్, మే రెండు నెలలూ పెట్టెలో పడుకోబెట్టాలి, 49 శాతానికి చేసిన తేమ ప్యాకెట్లు వేసి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య గిటార్‌కి హాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇది బాగా పడిపోతుంది, అప్పుడు ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతలు) కొనలు మెడ పక్కన గరుకుగా వేలికి తగులుతాయి. వానాకాలంలో 80 దాటుతుంది, బ్రిడ్జ్ వెనక పలక ఉబ్బి తీగలు ఎత్తుకుంటాయి. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ గిటార్ల పక్కనే పెట్టండి, చేత్తో ఊహించే పని తప్పుతుంది.

పటమట_ఫ్రెట్‌బోర్డ్:

@కృష్ణలంక_టోన్‌వుడ్ అన్నా, సాలిడ్ టాప్‌కి ఒప్పుకుంటా. లామినేట్ టాప్ అయితే అంత అవసరం లేదు, ప్లైవుడ్ పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సౌండ్ హోల్ అంచు చూస్తే తెలుస్తుంది: పైపలక గీతలు అంచు మందంలోకి నేరుగా దిగితే సాలిడ్, మధ్యలో అడ్డపొర కనిపిస్తే లామినేట్. అన్నట్టు వేలాడే అకూస్టిక్‌కి సౌండ్ హోల్ మూత కొనుక్కోండి, తేమ కోసమని కాదు, బల్లుల కోసం.

లక్ష్మీపురం_స్ట్రమ్మర్:

అందరికీ థాంక్స్ అండీ. బెడ్‌రూమ్ మధ్య గోడే ఖాయం చేశా. తలుపు వెనక మూలలో 4 ఎంఎం బిట్టుతో పరీక్ష రంధ్రం వేశాను. తెల్లటి పొడి, సునాయాసంగా దిగిపోయింది. అంటే ఏఏసీనే కదా? అయితే ఇక గిటార్లు వద్దా?

గవర్నర్‌పేట_డ్రిల్లుబిట్టు:

వద్దని ఎవరన్నారు! టీవీలు, గీజర్లు అవే గోడలు మోస్తున్నాయి. పద్ధతి మార్చాలంతే.

ఏఏసీ లోపల అంతా గాలి బుడగలు. హ్యామర్ మోడ్ పెడితే రంధ్రం చుట్టూ బ్లాకు పొడైపోయి 8 బిట్టుకి 10 రంధ్రం తయారవుతుంది. కాబట్టి ఊరికే తిప్పే మోడ్, నెమ్మది వేగం, బిట్టుని అటూ ఇటూ ఊపకుండా. మామూలు ప్లగ్ ఇందులో విచ్చుకుంటే మెత్తటి గోడని నలిపేసుకుంటుంది, పట్టు దొరకదు. ఏఏసీ కోసమని అడిగి, ఒంటి మీద రెక్కలున్న పొడవాటి నైలాన్ ప్లగ్ తీసుకోండి. షాపులో దొరక్కపోతే ఫ్రేమ్ ఫిక్సింగ్ అని అడగండి, తలుపు చట్రాలకి వాడే పొడుగు ప్లగ్, స్క్రూతో కలిపే వస్తుంది. పొడవు కొనేముందు గోడ మందం కొలవండి. మధ్య గోడలు 100 ఎంఎం బ్లాకువే ఉంటాయి, రంధ్రం బ్లాకులోకి 70 దాటకూడదు, అవతల బెడ్‌రూమ్ పుట్టీ రాలుతుంది. స్క్రూ బిగించేటప్పుడు డ్రిల్లుతో కాదు, చేత్తో. బిగిసిందనిపించాక ఇంకో అర చుట్టు తిప్పితే ప్లగ్ లోపల గిర్రున తిరుగుతుంది, ఇక ఆ రంధ్రం పనికిరాదు. అలా అయితే అగ్గిపుల్లలు దూర్చి సర్దుకోకండి. 10 సెంటీమీటర్లు జరిగి కొత్తది వేసి, పాతదాన్ని పుట్టీతో మూసేయండి.

మూడు హ్యాంగర్లని విడివిడిగా గోడకి కొట్టొద్దు. మీటరున్నర పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎంఎం మందం టేకు పలక చేయించండి. దాన్ని ఆరు చోట్ల, పైన మూడు కింద మూడు, గోడకి బిగించండి. హ్యాంగర్లని పలకకి 20 ఎంఎం చెక్క స్క్రూలతో, 2.5 ఎంఎం పైలట్ రంధ్రం వేసి పట్టించండి. బరువు ఆరు ప్లగ్గులూ పంచుకుంటాయి. రేపు నాలుగో గిటార్ కొన్నా గోడ ముట్టుకోనక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పూడ్చాల్సినవి ఆరే. హ్యాంగర్‌కీ హ్యాంగర్‌కీ మధ్య 50 సెంటీమీటర్లు పెట్టండి, డ్రెడ్‌నాట్ ఒళ్లే 40 ఉంటుంది.

గిటార్లు తగిలించే ముందు ఒక్కో హ్యాంగర్‌కి 10 కిలోల బియ్యం సంచి రాత్రంతా వేలాడదీయండి, కింద పరుపు వేసి. పొద్దున పలకకీ గోడకీ మధ్య పై అంచున పోస్ట్‌కార్డు దూరేంత సందు కనిపిస్తే ప్లగ్ కదిలినట్టు.

బ్రాడీపేట_బేస్:

ఎత్తు ఎవరూ చెప్పలేదు. నట్ నుంచి ఒంటి అడుగు దాకా డ్రెడ్‌నాట్ 86 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మామూలుగా హ్యాంగర్ నేల నుంచి 170 సెంటీమీటర్లలో పెడతారు, అప్పుడు గిటార్ అడుగు 84 దగ్గర ఉంటుంది, మూడేళ్ల పిల్లాడి గడ్డానికి. మీరు 205లో పెట్టండి, అడుగు 120కి వెళ్తుంది. కింద సోఫా, స్టూలు, ఎక్కడానికి వీలయ్యేది ఏదీ ఉండకూడదు, లేకపోతే ఎంత ఎత్తైనా ఒకటే.

అలా ఎత్తులో పెడితే ఫ్యాన్ చూసుకోండి. గిటార్ తీసేటప్పుడు హ్యాంగర్ లోంచి పైకెత్తి ముందుకి లాగాలి కాబట్టి తల చివర 230 దాటుతుంది, మన చెయ్యి దాని వెనకే. రెక్కల కొసకీ పలకకీ మధ్య కనీసం మూడడుగులు లేకపోతే పలకని పక్కకి జరపండి.

లక్ష్మీపురం_స్ట్రమ్మర్:

ఫ్యాన్ రెక్క నుంచి గోడకి కొలిచా, నాలుగడుగుల పైనే ఉంది. టేకు పలక చెప్పేశాను, మందం 25. వీపు గోడకి తగిలే చోట ఏం అంటించాలి?

కృష్ణలంక_టోన్‌వుడ్:

గిటార్‌కి ఏమీ అంటించొద్దు. గోడకే, ఒంటి కింది భాగం ఆనే చోట, కుర్చీ కాళ్లకి వేసే ఉన్ని ఫెల్ట్ గుండ్రాలు రెండేసి. రబ్బరువి వద్దు, ఫినిష్ సంగతి పైన చెప్పారుగా. అసలు 25 పలక మీద హ్యాంగర్ వస్తే వీపుకీ గోడకీ సందు మిగలొచ్చు, ముందు తగిలించి చూసి అప్పుడు కొనండి.