చేయి వాపు: క్రేప్ బ్యాండేజీ కడితే వేళ్లు ఉబ్బుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న:
రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక చేయి వాచింది. బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. మణికట్టు నుంచి మోచేయి దాకా క్రేప్ బ్యాండేజీ కడితే వేళ్లు లావెక్కుతున్నాయి. నీరు పోయే మాత్రలు వాడొచ్చా? స్లీవ్ (చేతిని బిగించి ఉంచే తొడుగు) ఇప్పుడే కొనాలా?

జవాబు 1:
కట్టు మణికట్టు దగ్గర మొదలైతే నీరు వేళ్లలోకి దిగుతుంది. పైగా క్రేప్ బాగా సాగుతుంది: చేయి ఊరికే ఉన్నా బిగించే ఉంటుంది, కండరం కదిలినప్పుడేమో సాగిపోతుంది. కావాల్సింది షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజీ. అది పెద్దగా సాగదు కాబట్టి కండరం ఉబ్బిన ప్రతిసారీ దానికి ఆని నీటిని పైకి నెడుతుంది. అందుకే కట్టుతోనే వ్యాయామం చేయాలి.

ముందు మాయిశ్చరైజర్, దాని మీద కాటన్ స్టాకినెట్ (గొట్టంలా ఉండే మెత్తని బట్ట తొడుగు). తర్వాత ఒక్కో వేలికీ విడిగా గాజ్ పట్టీ (పలచని బట్ట పట్టీ) చుట్టాలి, గోళ్లు కనబడాలి. ఆపైన దూది ప్యాడింగ్, మోచేతి మడతలో కాస్త మందంగా. అప్పుడు 6 సెం.మీ. వెడల్పు షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజీ అరచేతి నుంచి, ఆ తర్వాత 8, 10 సెం.మీ.వి చంక దాకా. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. లాగే బలం అంతటా ఒకటే ఉంచండి. చేయి పైకి లావవుతుంది కాబట్టి ఒత్తిడి దానంతటదే తగ్గుతూ పోతుంది. తిమ్మిరి, నొప్పి, గోళ్లు నీలం కావడం కనిపిస్తే వెంటనే విప్పేయండి. మొదట్లో కట్టడం శిక్షణ ఉన్న ఫిజియో దగ్గర నేర్చుకోవాలి.

జవాబు 2:
ఇది లింఫ్ ద్రవం నిలిచిపోయి వచ్చే వాపు, నీరు పోయే మాత్రలు దీనికి పనిచేయవు. నీరు పోయినా కణజాలంలో ప్రొటీన్ మిగిలిపోతుంది, అదే మళ్లీ నీటిని లాగుతుంది. గుండె, కిడ్నీల కోసం డాక్టరు రాసినవైతే మాత్రం మానకండి.

స్లీవ్ ఇప్పుడే వద్దు. వాచిన చేతికి కొలిస్తే వాపు తగ్గాక వదులైపోతుంది. రోజూ డ్రైనేజీ మసాజు (నిలిచిన ద్రవాన్ని మెల్లగా పైకి నెట్టే మసాజు), కట్టుతో 2 నుంచి 4 వారాలు తగ్గించాలి. ప్రతి 4 సెం.మీ.కి ఒకచోట టేపుతో చుట్టుకొలత రాసుకోండి. అంకెలు ఒకచోట నిలిచాకే స్లీవ్‌కు కొలతలు ఇవ్వాలి. వేళ్లు, అరచెయ్యి కూడా వాస్తే గ్లోవ్ తప్పనిసరి. స్లీవ్ దాదాపు 6 నెలలకు సాగిపోతుంది, మార్చాలి.

జవాబు 3:
ఇవన్నీ మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించండి. వాపు కొత్తగా వచ్చినా, ఉన్నట్టుండి పెరిగినా రక్తం గడ్డ కట్టిందా, క్యాన్సర్ తిరగబెట్టిందా అని చూడాలి. చర్మం ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది సెల్యులైటిస్ (చర్మంలో ఇన్ఫెక్షన్) కావచ్చు. మసాజు, కట్టు ఆపేసి అదే రోజు యాంటిబయాటిక్ మొదలుపెట్టించాలి. ఒక్కో ఇన్ఫెక్షన్ మిగిలిన లింఫ్ నాళాలను ఇంకా పాడుచేస్తుంది. గోళ్ల పక్క తోలు కత్తిరించకండి, చిన్న గీత పడినా కడిగి యాంటిసెప్టిక్ రాయండి.